రొయ్య మేతలో సూక్ష్మనాచు

శ్రోతలకు నమస్కారం. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల ఏ చెరువు రైతును కదిపినా ముందు వచ్చే మాట మేత రేటే. పెట్టుబడిలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, దానికే పోతుంది. మేతలో ఖరీదైనవి మాంసకృత్తులు. వాటిని సూక్ష్మనాచు నుంచి తెచ్చుకోవచ్చంటున్నారు. అది ఎవరికి పనికొస్తుందో ఈ పూట చూద్దాం.

శీలావతికి, బొచ్చెకు మనం పెట్టేది నూనె తీసిన తవుడు, వేరుశెనగ చెక్క, పత్తి చెక్క. కన్నాలు పెట్టిన సంచుల్లో నింపి వేలాడదీస్తే చేపలే వచ్చి పొడుచుకు తింటాయి. అందులో సముద్రపు చేప ఊసే లేదు. వనామీ రొయ్య సంగతి వేరు. దాని మేత గుళికల్లో చేపపొడి పడుతుంది. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చిచేప కావాలి. కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపల్ని ఉడికించి, పిండి, ఆరబెట్టి ఆ పొడి చేస్తారు. ప్రపంచంలో ఎక్కువ చేపపొడి వచ్చేది పెరూ నుంచి. 2023లో ఎల్‌నినో వల్ల అక్కడి సముద్రం వేడెక్కి, నెత్తళ్ల మొదటి సీజన్ వేట రద్దయింది. ధర అన్నిచోట్లా ఎక్కింది. సోయా చెక్క ఉందిగా అంటారా, వాడుతూనే ఉన్నారు. కానీ అందులో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు కొన్ని ఉన్నాయి.

సూక్ష్మనాచు అంటే కాలవలో కాలికి చుట్టుకునే నాచు కాదు. ఇది విడిగా కంటికి కనిపించదు, కోట్ల సంఖ్యలో చేరితే నీరు పచ్చబడుతుంది. వీటిలో స్పిరులినా అనే రకం ఉంది. అది ఎండాక నూటికి 55 నుంచి 70 పాళ్లు మాంసకృత్తులే, అంటే చేపపొడితో సమానం. దానికి గట్టి పీచు గోడ ఉండదు కాబట్టి తేలిగ్గా అరుగుతుంది. క్లోరెల్లా అనే మరో రకానికి ఆ గోడ గట్టిది, పగలగొట్టి పెట్టాలి.

నిజానికి ఇది మన తీరానికి కొత్తేమీ కాదు. ఉప్పాడ వైపు రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీల్లో పిల్ల జోయా అనే తొలి దశలో తినేది ఇలాంటి నాచునే. కీటోసిరోస్, థలాసియోసిరా అని వాటి పేర్లు. గాజు ఫ్లాస్కులో మొదలుపెట్టి, క్యాన్లలోకి, తర్వాత ట్యాంకుల్లోకి పెంచుకుంటూ పోతారు. ఒక రాత్రి ఆ కల్చర్ పాడైతే తెల్లారేసరికి హేచరీలో అందరికీ టెన్షనే.

మరి మేత బస్తాలోకి ఎందుకు రావడం లేదు? నీటి వల్ల. బాగా పెరిగిన స్పిరులినా తొట్టిలో కూడా లీటరుకు గ్రాము అటూ ఇటూగానే ఉంటుంది. కిలో పొడి కావాలంటే వెయ్యి లీటర్ల నీరు వడకట్టాలి. సన్నటి గుడ్డ మీద మిగిలే ముదురాకుపచ్చ ముద్దలోనూ ఎక్కువ భాగం నీళ్లే. దాన్ని పిండి, సేమియాలా వత్తి, ఆరబెట్టి, పొడి కొట్టాలి. మనకు ఎండకు లోటు లేదు గానీ, గాలిలో తడి ఎక్కువ. వానాకాలంలో ఆరబెట్టడానికి కరెంటు ఖర్చు తప్పదు. అందుకే సోయా చెక్క కిలో పదుల్లో ఉంటే స్పిరులినా పొడి వందల్లో ఉంటుంది.

కాబట్టి శీలావతి, బొచ్చె వేసేవారు దీనికోసం ఎగబడొద్దనే నా మాట. తవుడు తిని పెరిగే చేపకు ఆ పొడి పెడితే లెక్క తేలదు. రొయ్య మేతలో చేపపొడి వాటా కొంత తగ్గించడానికి, నర్సరీలో పిల్లలకు కొద్ది పాళ్లలో కలపడానికి దీన్ని ఆలోచించవచ్చు.

ఇంకో మాట. గాలివాటుకు చెరువు మూలకు చేరే పచ్చ తెట్టు స్పిరులినా కాదు. చాలాసార్లు అది మైక్రోసిస్టిస్ అనే వేరే నాచు, అందులో విషం తయారుచేసే రకాలున్నాయి. రాత్రిపూట ఆక్సిజన్ లాగేస్తే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. స్పిరులినా పెరగాలంటే సోడా కలిపిన బాగా క్షారపు నీరు కావాలి. పైగా నీటిలో సీసం లాంటి లోహాలుంటే పీల్చుకుంటుంది. డ్రైన్ నీరు ఊరికే పోతోందిగా, అందులో పెంచేద్దాం అనుకోవద్దు.

రేపు ఏ ఏజెంటైనా ఆల్గీ కలిపిన మేత అంటూ వస్తే, ఏ జాతి, నూటికి ఎన్ని పాళ్లు, దేన్ని తీసేసి ఇది వేశారు అని అడగండి. నచ్చితే ఒక్క చెరువులోనే వేసి, పక్క చెరువులో పాత మేతే సాగించి, పట్టుబడి నాడు రెండింటి ఎఫ్‌సీఆర్, అంటే కిలో పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో ఆ లెక్క, పక్కపక్కన రాసుకోండి. రెండు చెరువుల్లోనూ సీడ్, అంటే వదిలిన పిల్ల, ఒకే హేచరీది, ఒకే రోజు వదిలింది అయితేనే ఆ పోలిక నమ్మొచ్చు.