ఏమేం రావో అడగండి

శ్రోతలందరికీ నమస్కారం.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఏ ఎలక్ట్రానిక్స్ షాపుకైనా వెళ్లండి. టీవీ నచ్చుతుంది, ధర కుదురుతుంది, బిల్లు కౌంటర్ దగ్గరికి వస్తారు. డబ్బులు తీసే సమయానికి కౌంటర్‌లో ఉన్న అబ్బాయి ఒక మాట అంటాడు. "సార్, ఇంకో మూడు వేలు కట్టండి, రెండేళ్లు మీకు టెన్షన్ ఉండదు." వెనక లైన్‌లో మనుషులుంటారు. ఇంటి దగ్గర పిల్లలు ఎదురు చూస్తుంటారు. నలభై వేలు పెట్టినవాళ్లం, మూడు వేల దగ్గర వెనకాడతామా? సరే, రాయి బాబూ అంటాం.

ఆ మూడు వేల గురించే ఈ పూట మాట్లాడతాను. దాన్ని ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటారు, అంటే కంపెనీ వారంటీ అయిపోయాక కూడా రిపేరు చేస్తామని డబ్బు తీసుకుని ఇచ్చే మాట. నేను ముప్పై ఏళ్లుగా టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేస్తున్నాను. వారంటీ ఉన్నవాళ్లు ముందు కంపెనీకి ఫోన్ చేస్తారు. వారంటీ వర్తించదు అనిపించుకున్నాక నా దగ్గరికి వస్తారు. అందుకే ఆ కాగితం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో నాకు కొంత తెలుసు.

మా అక్క సంగతి చెబుతాను. దేవరకొండలో ఉంటుంది. మా బావకు ఎండలకు నిద్ర పట్టడం లేదని నాలుగేళ్ల కింద ఏసీ కొన్నారు. 38,000 రూపాయలు. కంపెనీ వారంటీ ఏడాది. దాని మీద మరో నాలుగేళ్లకని 4,200 కట్టింది. నాకు ఫోన్ చేసి, "తమ్మీ, ఐదేండ్లదాకా ఇగ రంది లేదు" అని సంతోషంగా చెప్పింది. నేనూ మంచిదే అన్నాను. కాగితం చూపించమని అడగలేదు. ఆ తప్పు నాదే.

రెండు ఎండాకాలాలు ఏసీ బాగా పనిచేసింది. మూడో ఏడు జూన్‌లో, తొలి వానలు పడ్డ వారంలో, ఒక రాత్రి టప్పుమని చప్పుడు వచ్చి ఆగిపోయింది. అక్క వారంటీ వాళ్లకు ఫోన్ చేసింది. నాలుగో రోజున మనిషి వచ్చాడు. మంచి పిల్లవాడే. బయట గోడకు ఉన్న యూనిట్ మూత విప్పాడు. లోపల బోర్డు ఒక మూల నల్లగా కాలిపోయి ఉంది. దాని మీద అడ్డంగా ఒక బల్లి, చచ్చి ఎండిపోయి ఉంది. కరెంటు ఉన్న రెండు చోట్ల బల్లి ఒళ్లు ఒకేసారి తగిలితే షార్ట్ అవుతుంది, బోర్డు పోతుంది. ఆ పిల్లవాడు ఫోటో తీసుకుని పంపించాడు. రెండు రోజులకు మెసేజ్ వచ్చింది. పురుగులు, ఎలుకలు, బల్లుల వల్ల జరిగిన నష్టం వారంటీ కిందికి రాదు.

అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "తమ్మీ, బల్లి మీద పడితే పంచాంగం చూసుకుంటం. ఏసీ మీద పడితే ఈ కాయితం చూసుకోవాల్నా? కట్టించుకునేటప్పుడు ఒక్కడన్న చెప్పిండా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కాగితం తెప్పించి చదివాను. నిజంగానే రాసి ఉంది. ఏడో పేజీలో, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. బల్లి ఒక్కటే కాదు. పిడుగు, కరెంటు హెచ్చుతగ్గులు, తుప్పు, లోపలికి నీళ్లు పోవడం, కింద పడి పగలడం, రిమోట్, ప్లాస్టిక్ భాగాలు, గ్యాస్. ఇవేవీ రావు.

నేను వెళ్లి బోర్డు విప్పుకొచ్చి బాగుచేశాను. కాలిన భాగాలకు 1,800 అయింది. అయితే బల్లి అక్కడికి ఎందుకొచ్చిందని చూస్తే, బయటి యూనిట్‌కు సరిగ్గా పైన వరండా లైటు ఉంది. తొలి వానలకు ఉసిళ్లు, పురుగులు ఆ లైటుకు ముసురుతాయి. వాటి కోసం బల్లులు వస్తాయి. బల్బును ఆ గోడ నుంచి తీసి ఎదురు గోడకు మార్చాను. 4,200 రూపాయల కాగితం చేయలేని పని, ఒక హోల్డరు, మూడు గజాల వైరు చేశాయి.

ఇక్కడ కాస్త ఆగుదాం. వస్తువు చెడిపోయేది ఎక్కువగా రెండు కాలాల్లో. తయారీలో లోపం ఉంటే మొదటి నెలల్లోనే బయటపడుతుంది. దానికి కంపెనీ వారంటీ ఎలాగూ ఉంటుంది. తర్వాత అరిగిపోయి, ముసలిదై చెడిపోవడం ఏడెనిమిదేళ్లకు. మనం మూడు వేలు పెట్టి కొనుక్కునేది ఈ రెంటి మధ్య ఉన్న కాలాన్ని. అది సాధారణంగా నెమ్మదిగా గడిచిపోయే కాలం. ఏసీలకు, ఫ్రిజ్‌లకు కంప్రెసర్ మీద పదేళ్లు అని చాలా కంపెనీలు ముందే ఇస్తున్నాయి. అది ఉచితంగా వచ్చేదే. దాన్ని కూడా కలిపి చెప్పి డబ్బు కట్టించుకుంటున్నారేమో చూసుకోండి.

ఆ మధ్య కాలంలో మన దగ్గర వస్తువులు ఎందుకు పోతాయి? నా బల్ల మీదికి వచ్చినవాటిని బట్టి చెబుతున్నాను. ఇంటికి 230 వోల్టులు రావాలి. ఊళ్లలో మోటార్లన్నీ ఒకేసారి నడిచినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, అన్నీ ఒక్కసారి ఆగితే ఎగిసిపడుతుంది. ఉరుములు మెరుపులు ఉండనే ఉన్నాయి. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. వాషింగ్ మెషిన్‌లో, గీజర్‌లో తెల్లగా పొర కడుతుంది. ఎలుక వైరు కొరుకుతుంది. ఇప్పుడు అక్క కాగితంలోని జాబితాతో పోల్చి చూడండి. మన దగ్గర వస్తువును చెడగొట్టేవి చాలావరకు అందులో "రావు" అన్న వరుసలోనే ఉన్నాయి.

అందుకే నా మాట ఒక్కటే. ఏమేం వస్తాయో అడగకండి, అవి వాళ్లే చెబుతారు. ఏమేం రావో అడగండి. డబ్బు కట్టకముందే కాగితం చూపించమనండి. ఫోన్‌లో లింకు పంపిస్తామంటే, పంపించాకే కడతామనండి. ఇంగ్లీషులో ఉంటే చదువుకున్న పిల్లలతో ఆ ఒక్క భాగం గట్టిగా చదివించుకోండి. లైన్‌లో వెనకున్నవాళ్లు ఐదు నిమిషాలు ఆగుతారు. ఏమీ కాదు.

అన్నీ దండగే అని నేను అనను. పెద్ద టీవీకి ప్రాణం దాని ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర. అది పోతే టీవీ ధరలో సగం పైన అడుగుతారు, నాలాంటివాడు బాగుచేసేది కూడా కాదు. మిర్యాలగూడలో నాకు తెలిసిన ఒక టీచర్ టీవీ తయారుచేసిన కంపెనీ దగ్గరే అదనపు వారంటీ తీసుకున్నారు. రెండో ఏడాది తెర మీద నిలువు గీత వచ్చింది. ప్యానెల్ మార్చి ఇచ్చారు, రూపాయి అడగలేదు. కాగితంలో ప్యానెల్ అని స్పష్టంగా రాసి ఉంది కాబట్టి ఇచ్చారు. అలా రాసి ఉంటే, ఇచ్చేది కంపెనీయే అయితే, నేనూ తీసుకుంటాను. మిక్సీకి, ఫ్యానుకు, ఐరన్ బాక్సుకు మాత్రం వద్దు. ఆ డబ్బుతో మంచి స్టెబిలైజర్ కొనండి, ఎర్తింగ్ సరిచేయించుకోండి. ఎండాకాలం ఎర్తింగ్ గుంతలో రోజూ బిందెడు నీళ్లు పోయండి. ఏసీ మీద "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని పెద్దగా రాసి ఉంటుంది. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అన్నది పక్కనే చిన్నగా ఉంటుంది. అది కూడా చదవండి.

ఇంకో ముఖ్యమైన విషయం, బిల్లు. ఇప్పుడు చాలా షాపుల్లో నున్నటి సన్న కాగితం మీద బిల్లు ఇస్తున్నారు. అది వేడితో అచ్చయ్యే కాగితం. బీరువాలో పెట్టినా ఏడాది రెండేళ్లకు అక్షరాలు మాయమవుతాయి. తెల్ల కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించారో, ఆ వేడికి మొత్తం నల్లబడిపోతుంది. కొన్న రోజే జిరాక్స్ తీయించండి, ఫోన్‌లో ఫోటో తీసి పిల్లలకు కూడా పంపండి.

రావలసింది కూడా ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ. 2019 చట్టం వచ్చాక, వస్తువు హైదరాబాద్‌లో కొన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు మాత్రం వేయాలి.

పోయిన నెల అక్కకు వాషింగ్ మెషిన్ కావాలంటే నేనూ వెంట వెళ్లాను. కౌంటర్ దగ్గర అబ్బాయి మూడేళ్ల ప్లాన్ అన్నాడు. అక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "బిడ్డా, ఏమేం రావో సదువు" అంది. అతను ఫోన్‌లో తెరిచి ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్పాడు. నీళ్లలోని ఉప్పుల పొర వల్ల వచ్చే రిపేరు రాదు అన్న దగ్గర ఆపమంది. "మా ఇంట్ల బోరు నీళ్లే బిడ్డా" అంది. మెషిన్‌కు మాత్రమే డబ్బు కట్టి, బిల్లు తీసుకుని నా చేతికిచ్చింది, ఫోటో తీయమని.