జీఐఎస్ చదివాక ఉద్యోగం ఎక్కడ?

[తెరపై: ప్రపంచ పటం. ఆఫ్రికా పక్కన సముద్రంలో ఒక ఎర్ర చుక్క.]

జీఐఎస్ అంటే ఏది ఎక్కడుందో ఆ వివరాల్ని కంప్యూటర్‌లో పటాలుగా దాచి, లెక్కలు కట్టే పద్ధతి. ఈ చుక్క చూడండి. సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం కలిసే చోటు ఇది. చుట్టూ గినీ సింధుశాఖ, ఎక్కడా నేల లేదు. కానీ డేటాబేసుల్లో చూస్తే బోలెడన్ని ఇళ్లు, ఆస్పత్రులు, బస్టాపులు ఇక్కడే తేలుతుంటాయి! అడ్రస్ దొరకనప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్‌లు అక్షాంశ రేఖాంశాల గడిలో 0,0 నింపేస్తాయి మరి. జీఐఎస్ వాళ్లు ఈ చోటుకి సరదాగా నల్ ఐలాండ్ (శూన్య ద్వీపం) అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఇళ్లను తీసుకెళ్లి వాటి అసలు చోట పెట్టే పనికి జీతం ఇస్తారు. డిగ్రీ చేతికొచ్చాక మొదట దొరికే పనులు చాలావరకు ఇలాంటివే. వినడానికి చప్పగా ఉంది కదా? ఉండండి, చెప్తా.

చాలామంది జాబ్ సైట్‌లో ‘జీఐఎస్’ అని కొట్టి, నాలుగు ఉద్యోగాలే కనిపించాయని టెన్షన్ పడతారు. వెతికే మాట మార్చండి. జియోస్పేషియల్, రిమోట్ సెన్సింగ్, స్పేషియల్ డేటా, మ్యాపింగ్, అసెట్ డేటా... ఒకే పనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది.

[తెరపై: నీలం గీతలతో నీటి పైపుల పటం.]

నన్నడిగితే ముందు చూడాల్సింది నీళ్లు, కరెంటు, గ్యాస్, టెలికాం సంస్థల వైపు. శాటిలైట్ చిత్రాలంత గ్లామర్ ఉండదు గానీ, పైపులూ తీగలూ ఉన్నన్నాళ్లూ పని ఉంటుంది. అర్ధరాత్రి ఒక పైపు పగిలిందనుకోండి. ఏ వాల్వులు కట్టేయాలి? ఎన్ని ఇళ్లకు నీళ్లు ఆగుతాయి? పటం మీద క్లిక్ చేస్తే జవాబు రావాలి. ఇప్పుడు ఈ మూల జూమ్ చేస్తున్నా. దూరం నుంచి రెండు గీతలూ కలిసే ఉన్నాయి. దగ్గరికెళ్తే మధ్యలో అర మీటరు ఖాళీ! కంప్యూటర్ లెక్క ప్రకారం నీళ్లు ఇక్కడితో ఆగిపోయాయి. అవతలి వీధి నీళ్లు ఆగే ఇళ్ల లిస్టులోకి రాదు. గీసినవాడు స్నాపింగ్, అంటే గీతల కొసల్ని అతికించే సెట్టింగ్, ఆన్ చేయడం మర్చిపోయాడు, అంతే.

ప్రభుత్వ శాఖల సంగతీ ఇలాంటిదే. అసలు జీఐఎస్ పుట్టిందే అక్కడ. 1960లలో భూగోళ శాస్త్రవేత్త రోజర్ టామ్లిన్సన్ కెనడా ప్రభుత్వం కోసం దేశంలోని భూముల వివరాలను కంప్యూటర్‌కి ఎక్కించే వ్యవస్థ కట్టాడు. భూమి రికార్డులు, రోడ్లు, పన్నులు, జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడాలో విభజించడం) పనుల్లో ఇప్పటికీ మ్యాపులవాళ్లు కావాలి.

శాటిలైట్లంటే ఇష్టమా? పంటలు, అడవులు, బీమా, వరదలకి సంబంధించిన పనులు చూడండి. ఇక్కడొక మెలిక ఉంది. వరద వచ్చినప్పుడు ఆకాశమంతా మబ్బే కాబట్టి మామూలు చిత్రంలో తెల్లదనం తప్ప ఏమీ కనపడదు. అందుకే మబ్బుల్ని దాటి చూసే రాడార్ చిత్రాలు వాడతారు. యూరప్ రాడార్ శాటిలైట్ సెంటినెల్-1 డేటా ఉచితమే. రాడార్ చిత్రం చదవగలిగేవాళ్లు తక్కువ, నేర్చుకుంటే గిరాకీ ఉంటుంది.

డెలివరీ కంపెనీలు, గనులు, ప్రజారోగ్యం, డ్రోన్ సర్వేలు కూడా ఉన్నాయి. వాటన్నిటికీ ఈ వీడియో చాలదు.

ఇక ఏఐ సంగతి. చిత్రం చూసి ఇళ్ల చుట్టూ గీతలు గీసే పని యంత్రం చాలావరకు చేసేస్తోంది, కాబట్టి డిజిటైజింగ్ ఒక్కటే నమ్ముకోవద్దు. యంత్రం చెట్టు నీడని ఇల్లనుకుంటే పట్టుకునే కన్ను మాత్రం కావాలి. దానితో పాటు డేటాబేసుని ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్, ప్రోగ్రాములు రాసే పైథాన్ నేర్చుకోండి. పటాల డేటాబేసు పోస్ట్‌జీఐఎస్‌లో ‘ఈ కాలువకి 500 మీటర్ల లోపు ఉన్న స్కూళ్లన్నీ చూపించు’ అనే క్వెరీ మీరే రాయగలిగితే, బటన్లు మాత్రమే తెలిసినవాళ్ల కంటే ముందుంటారు.

500 అంటే గుర్తొచ్చింది. కాలేజీలో ఓసారి నేను బఫర్ టూల్‌లో (దేని చుట్టూ అయినా ఇంత దూరం అని హద్దు గీసేది) 500 అని కొట్టి రన్ చేశా. పటం మొత్తం ఒకే రంగులో మునిగిపోయింది. నా లేయర్ డిగ్రీల్లో ఉంది, నేను మీటర్లనుకున్నా. భూమి చుట్టూ తిరిగితేనే 360 డిగ్రీలు! తర్వాత ఒక ఇంటర్వ్యూలో కోఆర్డినేట్ సిస్టమ్, అంటే పటంలో చోట్లని ఏ కొలతలో రాయాలో చెప్పే పద్ధతి, ఎందుకు ముఖ్యమని అడిగితే ఇదే చెప్పా. అడిగినాయన నవ్వి, తనకీ జరిగిందన్నాడు.

[తెరపై: క్యూజీఐఎస్ ఖాళీ ప్రాజెక్టు.]

మీ పని చూపించే పోర్ట్‌ఫోలియోకి డబ్బు ఖర్చు అక్కర్లేదు. పటాలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం. రోడ్లు, భవనాలు అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తాయి. 10 మీటర్ల స్పష్టతతో (చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు) సెంటినెల్-2 శాటిలైట్ చిత్రాలు దొరుకుతాయి. పది రంగురంగుల పటాల బదులు ఒకే ప్రశ్న తీసుకోండి. ఉదాహరణకి, ఈ చెరువు పదేళ్లలో ఎంత కుంచించుకుపోయింది? పదేళ్ల కిందటిదీ ఇప్పటిదీ, రెండు చిత్రాలూ ఏడాదిలో ఒకే నెలలో తీసినవి అయ్యుండాలి, లేదంటే మీరు కొలిచేది ఎండాకాలాన్ని అవుతుంది. డేటాలో ఏం తప్పు దొరికింది, ఎలా సరిచేశారు అన్నది కూడా అర పేజీ రాసి పెట్టండి. ఇంటర్వ్యూలో ముందు ఆ అర పేజీ మీదే అడుగుతారు.