లాన్‌మూవర్ ఇంజిన్‌తో అల్ట్రాలైట్ ఎగురుతుందా?

అందరికీ నమస్కారం! బెంచ్ మీద బిగించిన ఈ ఇంజిన్ నిన్నటిదాకా లాన్‌మూవర్‌లో, అంటే గడ్డి కోసే బండిలో ఉండేది. వీ-ట్విన్ (V ఆకారంలో రెండు సిలిండర్లు), ఫోర్ స్ట్రోక్, 627 సీసీ. స్టిక్కర్ మీద 23 హార్స్‌పవర్ అని ఉంది. చవకే, సందేహం లేదు. సొంతంగా కట్టుకున్న అల్ట్రాలైట్‌ని, అంటే బాగా తేలికైన చిన్న విమానాన్ని లేపుతుందా అన్నదే ప్రశ్న.

ముందు నాకు నచ్చింది చెప్తా. ఇది 3600 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 3600 చుట్లు) దగ్గరే తన పవర్ ఇస్తుంది. 1.3 మీటర్ల ప్రొపెల్లర్‌ని నేరుగా షాఫ్ట్‌కి బిగిస్తే బ్లేడు కొస సెకనుకు 245 మీటర్ల వేగంతో తిరుగుతుంది. పర్లేదు. అదే ప్రొపెల్లర్‌ని 6500 తిరిగే టూ స్ట్రోక్ ఇంజిన్‌కి నేరుగా పెడితే 440 దాటుతుంది, అంటే ధ్వని వేగాన్నే మించిపోతుంది. అందుకే వాటికి ప్రొపెల్లర్ వేగం తగ్గించే రిడక్షన్ డ్రైవ్ తప్పదు, దీనికి లేకపోయినా నడుస్తుంది.

ఇక ఇబ్బందులు. బరువు ముప్పై కిలోలు దాటుతుంది. షాఫ్ట్‌తో తిరిగే బరువైన చక్రం, ఆ ఇనుప ఫ్లైవీల్ తీసేద్దామంటే, ఇగ్నిషన్‌కి (స్పార్క్‌కి) కావాల్సిన అయస్కాంతాలు దాంట్లోనే ఉన్నాయి. ఇంజిన్‌ని చల్లబరిచే ఫ్యాన్ తీసేస్తే సిలిండర్లకు గాలి మళ్లించే రేకులు మనమే కొట్టుకోవాలి. ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ పీకేసి 4500 తిప్పుదాం అనేవాళ్లూ ఉన్నారు. వద్దు బాబూ! ఇలాంటి చాలా ఇంజిన్లలో పిస్టన్‌ని షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ ఉత్త అల్యూమినియం, అంత వేగానికి విరిగిపోవచ్చు. పైగా ఈ షాఫ్ట్‌ని బెల్టు పక్కకి లాగడానికి తయారుచేశారు. ప్రొపెల్లర్ ముందుకి లాగుతుంది, విమానం ముక్కు పైకెత్తినప్పుడల్లా షాఫ్ట్‌ని మెలిపెడుతుంది. అందుకే ఆ లాగుడుని మోసే థ్రస్ట్ బేరింగ్ విడిగా వేయాలి.

మరి ఎవరికి పనికొస్తుంది? ఫ్రాన్స్‌లో మిషెల్ కొలోంబాన్ డిజైన్ చేసిన లూసియోల్ ఇలాంటి ఇంజిన్‌తోనే హాయిగా ఎగురుతుంది. కానీ అది సన్నటి, నున్నటి విమానం, ఖాళీ బరువు దాదాపు 100 కిలోలే. గొట్టాలు, తీగలు, గుడ్డ రెక్కలు ఉన్న రకానికి గాలి అడ్డు చాలా ఎక్కువ. దానికి 40 హార్స్‌పవర్ టూ స్ట్రోకే నయం. పెట్రోల్ ఎక్కువ తాగినా, ఆయిల్ కలిపే గోల ఉన్నా సరే.

నిన్న ఫుల్ థ్రాటిల్‌లో గంటసేపు నడిపాను. నలభయ్యో నిమిషంలో సైలెన్సర్ బోల్టు ఒకటి ఊడి ఎగిరిపోయింది. ఇంజిన్‌కి వెనక వైపు ప్రొపెల్లర్ ఉండే విమానమైతే అది నేరుగా బ్లేడుకి తగిలేది. ఇప్పుడు బోల్టులన్నిటికీ అవి ఊడకుండా పట్టి ఉంచే తీగ, సేఫ్టీ వైర్ చుట్టాను. ఎలా చుట్టాలో చూపిస్తా, కెమెరా దగ్గరికి తెస్తున్నా.