సైటు, లేజరు, కంటిపొర మందం

శ్రోతలకు నమస్కారం. కళ్ల పరీక్ష చేయడం నా వృత్తి. పెళ్లిళ్ల కాలం దగ్గరపడితే అమీర్‌పేటలో మా గదికొచ్చే తల్లులు తరచుగా ఈ మాటే అడుగుతారు: "మేడం, అమ్మాయికి సైటుంది. పెళ్లిచూపుల్లోపు లేజరు చేయిస్తే అద్దాలు పోతాయి కదా?"

పోవచ్చు. కానీ ముందు ఆ అమ్మాయి కంట్లో ఒక పొరను కొలవాలి.

చేతిగడియారం మీది అద్దంలా, నల్లగుడ్డు ముందు పారదర్శకమైన పొర ఉంటుంది. అదే కార్నియా. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. కంట్లోకొచ్చే వెలుగును వంచే పనిలో మూడింట రెండొంతులు దానిదే. దూరం ఆనని కంట్లో ఆ వెలుగు కంటి వెనక తెరలా ఉండే రెటీనాను చేరకముందే ఒకచోట కలిసిపోతుంది. కార్నియా వంపును కాస్త చదును చేస్తే సరిగ్గా రెటీనా మీద పడుతుంది.

చదును చేసేది ఎక్సైమర్ లేజరు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్, 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద దీన్ని ప్రయోగించారు. చుట్టుపక్కల ఏమీ కాలకుండా నీటుగా గాటు పడింది. నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

లాసిక్ అనే లేజరు చికిత్సలో పైన పల్చటి పొరను మూతలా లేపి, కింద చెక్కి, మళ్లీ మూసేస్తారు. కంట్లో మత్తు చుక్కలు వేస్తారు కాబట్టి నొప్పి పెద్దగా ఉండదు. ఒక్కో పవరుకు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మైనస్ ఆరుకు ఎంతవుతుందో చూడండి. చెక్కగా మిగిలిన పొర కంటి లోపలి ఒత్తిడికి ఆగాలి. ఆగకపోతే ముందుకు ఉబ్బుతుంది, చూపు ఇంకా పాడవుతుంది.

అందుకే నేను మొదట అడిగేది "కళ్లు నలుపుతావా అమ్మా?" అని. మన దుమ్ముకు కళ్లు దురదపెట్టి, చిన్నప్పటి నుంచీ గట్టిగా నలిపే పిల్లలున్నారు. మొన్న ఒకమ్మాయికి టోపోగ్రఫీ, అంటే కార్నియా వంపును రంగుల్లో చూపే పటం, తీస్తే కార్నియా కిందివైపు శంకువులా సాగుతోంది. కెరటోకోనస్ మొదలన్నమాట. ఆమెకు లేజరు చేయకూడదు. తల్లికి కోపం వచ్చింది, ఇంకోచోట వెంటనే చేస్తామన్నారట. ఆ మాట విన్నప్పుడు నాకు గుండె దడదడలాడింది. చాలాసేపు కూర్చోబెట్టి ఆ రంగుల పటం చూపించాను.

పరీక్షకు ఒకటి రెండు వారాల ముందే మెత్తటి కాంటాక్ట్ లెన్సులు మానేయండి, గట్టివైతే ఇంకా ముందే, అవి కార్నియా వంపును మార్చేస్తాయి. 18 ఏళ్లు నిండి, పవరు ఏడాదిపాటు మారకుండా ఉండాలి. గర్భిణులు, బాలింతలు ఆగాలి. చేయించుకున్నాక కొన్ని నెలలు కళ్లు పొడిబారవచ్చు, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు.

ఇక చత్వారం సంగతి. అది కంటి లోపలి కటకం గట్టిపడటం వల్ల నలభై దాటాక వస్తుంది, కార్నియాను చెక్కితే ఆగదు. మైనస్ రెండున్న ఒక కండక్టరుగారు, నలభై మూడేళ్లాయన, లేజరు కోసం వచ్చారు. "పేపరెలా చదువుతారు?" అన్నాను. "అద్దాలు తీసేసి" అన్నారు. లేజరయ్యాక పేపరుకే అద్దాలు కావాలన్నాను. కాసేపు ఆలోచించి, అద్దాలు తుడుచుకుని పెట్టుకుని, ఇంట్లో అడిగి వస్తానని లేచారు.