ప్రేమ విందు అయ్యాక చర్చి వెనక ఏముంది?

హోస్ట్: అందరికీ వందనాలు. సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 దాకా ప్రపంచంలో చాలా సంఘాలు సృష్టి కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తాయి. 1989లో ఆర్థడాక్స్ సంఘం సెప్టెంబర్ 1ని అందుకోసం కేటాయించింది, ప్రకృతిని ప్రేమించిన సాధువు అసిసి ఫ్రాన్సిస్ పండుగ రోజుతో ఈ కాలం ముగుస్తుంది. మన దగ్గర ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువే. అందుకే పల్లెలో పరిచర్య చేస్తున్న ఒక పాస్టరుగారి భార్యతో మాట్లాడదామని పిలిచాను. వందనాలు అమ్మగారూ.

అమ్మగారు: వందనాలు బాబూ. ముందు నాకో మాట చెప్పు. ప్రేమ విందు అయ్యాక ఎప్పుడైనా మీ చర్చి వెనక గోడ దగ్గరికి వెళ్ళి చూశావా?

హోస్ట్: ప్లేట్లు, వాటర్ ప్యాకెట్లు కుప్పగా ఉంటాయండి.

అమ్మగారు: సగం తిని వదిలేసిన బిర్యానీతో సహా! ఆ వాసనకి గేదెలొచ్చి అన్నంతో పాటు కవర్లు కూడా మింగేస్తాయి. లోపలేమో భూమీ దానిలో ఉన్నదంతా యెహోవాదే అని 24వ కీర్తన చదివి ఆమేన్ అన్నాం కదా, బయటికొచ్చి ఆయన భూమి మీదే ఇదంతా పారేస్తే ఎలా? ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, డెకరేషన్ థర్మాకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. పేపర్ ప్లేట్లు కదా అని కొంటాం గానీ చాలావాటికి పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది మట్టిలో కలవదు.

హోస్ట్: మరి విస్తరాకులా?

అమ్మగారు: అడ్డాకుల విస్తర్లు దొరికే చోట అవే మంచివి, ఏజెన్సీలో కుట్టేవాళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి. లేదంటే స్టీలు. మన చర్చిల్లో ఫ్యాన్ల మీదా కుర్చీల వెనకా 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని రాయిస్తాం చూడు, అలాగే స్టీలు పళ్ళేలు ఇప్పించండి, పేరు చెక్కించుకోండి, తప్పేం లేదు. ఇంక వడ్డన. బలవంతంగా కొసరి కొసరి వడ్డించి దాన్ని ప్రేమ అనుకుంటున్నాం. ఐదు వేలమందికి పెట్టిన ప్రభువు, ఇంకెన్ని రొట్టెలైనా ఇవ్వగలిగినవాడే, మిగిలిన ముక్కలు ఏమీ నష్టపోకుండా పోగుచేయమన్నాడు. పన్నెండు గంపలు నిండాయి. మనం గంపలు గుర్తుపెట్టుకున్నాం, పోగుచేయమన్న మాట మర్చిపోయాం.

హోస్ట్: కానీ అమ్మగారూ, 'ఈ లోకం ఎలాగూ గతించిపోతుంది, ముందు ఆత్మల సంగతి చూడండి' అంటారు కదా కొందరు?

అమ్మగారు: మా సంఘంలోనూ అంటారు. ప్రకటన గ్రంథం చూపించే అంటారు. అదే గ్రంథం 11వ అధ్యాయం 18వ వచనం చదవమంటాను నేను. భూమిని నాశనం చేసేవాళ్ళని దేవుడు నాశనం చేసే కాలం వస్తుందని అక్కడ స్పష్టంగా ఉంది. అది చదివాక కూడా చెత్త తగలబెట్టగలమా? ముఖ్యంగా ఫ్లెక్సీలు! అవి పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, కాలితే డయాక్సిన్ల లాంటి విషాలు గాల్లోకి వస్తాయి, ఆ పొగ పీల్చేది మన పిల్లలే. క్రిస్మస్‌కి గుడ్డ బ్యానర్ రాయించండి, సంవత్సరం వెయ్యొద్దు, అయ్యగారి ఫోటో అస్సలు వద్దు, ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు.

హోస్ట్: ఇవన్నీ చిన్న విషయాలు, వీటితో ఏమవుతుంది అనేవాళ్ళూ ఉంటారండి.

అమ్మగారు: పోపు ఫ్రాన్సిస్ 2015లో 'లౌదాతో సీ' అని అంత పెద్ద లేఖ రాశారు కదా, వాతావరణ మార్పు దగ్గర్నుంచి పేద దేశాల అప్పుల దాకా మాట్లాడి, తినగలిగినంతే వండుకోండి, అక్కర్లేని లైట్లు ఆపండి అని కూడా రాశారు. మేం కేథలిక్కులం కాదు, అయినా ఆ మాట నాకు చాలా నచ్చింది. ఫ్యాక్టరీలనీ ప్రభుత్వాన్నీ అడగాల్సిందే, గట్టిగా అడగాలి. కానీ ప్రతి ఆదివారం మన చేత్తో మనమే పారేసే దానికి ఎవరి పర్మిషన్ కావాలి?

హోస్ట్: ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షారసం ఇవ్వడానికి చిన్న ప్లాస్టిక్ కప్పులు వాడతారు కదండీ, వాటి సంగతి?

అమ్మగారు: నాకు అన్నిటికంటే కష్టమనిపించేది అదే. ఆ రసంతో యేసు ప్రభువు రక్తాన్ని జ్ఞాపకం చేసుకుని ఆ కప్పు చెత్తబుట్టలో పడేస్తున్నాం. గాజు కప్పులు దొరుకుతాయి, వేడినీళ్ళతో శుభ్రంగా కడిగితే చాలు. 'ఎవరు కడుగుతారు' అని మాత్రం వెంటనే అడుగుతారు. ఆడవాళ్ళ మీద తోసెయ్యకండి. యూత్ అబ్బాయిలు, సంఘ పెద్దలు వంతులు వేసుకుని కడగాలి.