రాతిలో ఉన్న ఎముకే చూడాలి: యూటా డైనోసార్ ట్రిప్ రివ్యూ

అందరికీ నమస్తే అండి. ఈసారి మొత్తం ఒక ట్రిప్ గురించే చెప్తాను. మా బాబుకి ఏడేళ్ళు, పాపకి నాలుగు. మా ఇంట్లో పొద్దున లేస్తే డైనోసార్, పడుకోబోయేముందు డైనోసార్. "అమ్మా, బొమ్మది కాదు, నిజం ఎముక చూడాలి" అని మా వాడు ఏడాది పాటు నా వెంటపడ్డాడు. సరేనని ఈ వేసవి సెలవులు పూర్తిగా దానికే పెట్టేశాం. అమెరికాలో యూటా రాష్ట్రం, ఐదు రోజులు. సాల్ట్ లేక్ సిటీలో మొదలుపెట్టి మోయాబ్‌లో ముగించాం. పిల్లలిద్దరూ, మేమిద్దరం, మా అత్తగారు.

వాడు "నిజం ఎముక" అన్నాడు చూశారా, ప్లానింగంతా ఆ మాట పట్టుకునే చేశాను. ఎందుకంటే మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరాల్లో చాలావాటికి కొంతో, మొత్తమో అచ్చు పోసినవే ఉంటాయి. అది మోసమేమీ కాదండి. శిలాజమంటే రాయే కదా, చచ్చేంత బరువు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో సూ అనే టీ-రెక్స్ ఉంది కదా, దాని అసలు పుర్రెను కూడా బరువు వల్ల మెడ మీద పెట్టలేక విడిగా అద్దాల పెట్టెలో ఉంచారు. అందుకే నేను వెతికింది మ్యూజియాల కోసం కాదు, ఎముక దొరికిన చోటే, రాతిలోనే ఉండిపోయిన జాగాల కోసం.

మొదటి రోజు సాల్ట్ లేక్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం. బాగుంది. కొమ్ముల డైనోసార్ల పుర్రెలు గోడ నిండా వరసగా పెట్టారు, పాప అక్కడి నుంచి కదల్లేదు. రెండు గంటలు చాలు. ఎక్కువ చెప్పను, ఎందుకంటే రెండో రోజు గురించి చాలా చెప్పాలి.

రెండో రోజు డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్. ఇక్కడ మేం చేసిన పొరపాటు మీరు చేయకండి. మ్యాప్‌లో "డైనోసార్" అని కొట్టి బయల్దేరాం. కొలరాడోలో డైనోసార్ అనే పేరుతోనే ఒక చిన్న ఊరుంది. దాని పక్కన ఈ పార్కుదే ఒక విజిటర్ సెంటర్ కూడా ఉంది. పిల్లలు కారు దిగి పరుగెత్తారు. రేంజర్ గారు చాలా మర్యాదగా, "ఇక్కడ లోయల వ్యూ పాయింట్లే అండి, ఎముకలు ఇక్కడ లేవు" అన్నారు. మా వాడి మొహం చూడలేకపోయాను. అరగంట పైగా వెనక్కి వచ్చాం. మీరు పెట్టాల్సింది యూటా వైపు, జెన్సెన్ దగ్గరున్న క్వారీ (అంటే ఎముకలు తవ్విన చోటు) విజిటర్ సెంటర్. వర్నల్ ఊళ్ళో రూమ్ తీసుకుంటే అక్కడికి దగ్గర. టికెట్ మనిషికి కాదు, కారుకి. ఏడు రోజులు చెల్లుతుంది, కాబట్టి ఒక్కరోజులో అన్నీ చూసేయాలని పిల్లల్ని పరుగెత్తించకండి.

వేసవిలో విజిటర్ సెంటర్ నుంచి షటిల్ బస్సులో కొండ మీదికి తీసుకెళ్తారు. బస్సు దిగాక గాజు గోడల బిల్డింగ్ ఒకటి కనిపిస్తుంది. లోపల ఒక పక్క గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట కొండే ఉంది.

ఆ కొండ రాతిలో సుమారు 1,500 ఎముకలు. తొడ ఎముకలు, వెన్నుపూసలు, పక్కటెముకలు, కామరాసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ పుర్రె ఒకటి, మెడతో సహా. ఒకదాని మీద ఒకటి చిందరవందరగా ఉన్నాయి. 14.9 కోట్ల ఏళ్ళ కింద ఇది నదీగర్భం. చచ్చిన జంతువుల్ని వరద కొట్టుకొచ్చి ఇసుకలో పూడ్చేసింది. ఆ ఇసుక రాయైంది, తర్వాత భూమి కదలికలకి ఆ పొర ఏటవాలుగా పైకి లేచింది. అందుకే మనకి ఆ నది అడుగు ఎదురుగా గోడలా కనిపిస్తుంది. మా వాడికి "నదిని నిలబెట్టారు రా" అని చెప్పాను. వాడికి వెంటనే అర్థమైంది.

కింది అంతస్తులో కొన్ని ఎముకల్ని ముట్టుకోనిస్తారు. మా అత్తగారు చాలాసేపు దూరంగానే నిలబడ్డారు. తర్వాత మెల్లగా వచ్చి ఒక పెద్ద ఎముక మీద అరచేయి పెట్టారు. గోధుమరంగు, అక్కడక్కడ నల్లగా, నున్నగా ఉంది. విరిగిన అంచు దగ్గర చూస్తే సన్నసన్న రంధ్రాలు, మన ఎముక లోపల ఉండేవి ఉంటాయే, అచ్చం అలాగే. ఆవిడ వేలు ఆ రంధ్రాల మీద ఆగింది. "రాయి చల్లగా ఉందే అమ్మాయ్, కానీ ఇది రాయిలా లేదు" అన్నారు. పాప పక్కనే నిలబడి నానమ్మ చేతి మీద తన చెయ్యి పెట్టింది. ఐదు రోజుల ట్రిప్‌లో ఆ ఒక్క నిమిషం కోసం నేను మళ్ళీ అంత దూరమూ వెళ్తాను.

ఈ గోడ మనకి దక్కడం వెనక ఎర్ల్ డగ్లస్ అనే ఆయన ఉన్నారు. పిట్స్‌బర్గ్ కార్నెగీ మ్యూజియం కోసం డైనోసార్లు వెతుకుతూ 1909 ఆగస్టు 17న ఇక్కడ అపాటోసారస్ అనే ఇంకో పొడుగు మెడ డైనోసార్ తోక వెన్నుపూసలు ఎనిమిది, వరసగా బయటికొచ్చి ఉండగా చూశారు. అక్కణ్ణుంచి ఏళ్ళ తరబడి తవ్వి టన్నుల కొద్దీ పంపించారు. 1915లో ఈ చోటుని జాతీయ స్మారకంగా ప్రకటించారు. కొన్ని ఎముకల్ని రాతిలోనే వదిలేసి, పైన కప్పు వేసి, జనానికి చూపిద్దామని కోరింది ఆయనే. 1931లో పోయారు. బిల్డింగ్ వచ్చింది 1950ల చివర్లో. ఆయన చూడలేదు. అది చదివాక నాకు మనసంతా ఎలాగో అయిపోయింది. కింద నేల ఉబ్బి కుంగే మట్టి కావడంతో 2006లో ఆ బిల్డింగ్‌ని మూసేసి, మళ్ళీ కట్టి, 2011లో తెరిచారు. ఇప్పుడు మనం చూసేది అదే.

పిల్లలకి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇక్కడ టీ-రెక్స్ ఉండదు. మా వాడు గోడంతా వెతికాడు. ఇక్కడున్నవి అల్లోసారస్, స్టెగోసారస్, డిప్లొడోకస్ కాలం నాటివి. టీ-రెక్స్ పోయింది 6.6 కోట్ల ఏళ్ళ కింద. అంటే స్టెగోసారస్‌కి, టీ-రెక్స్‌కి మధ్య ఉన్న దూరం టీ-రెక్స్‌కి, మనకి మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ. ఈ లెక్క చెప్పాక వాడు టీ-రెక్స్ లేదన్న బాధ మర్చిపోయి దారి పొడుగునా అందరికీ అదే చెప్పాడు.

పై నుంచి కిందికి బస్సులో కాకుండా ఫాసిల్ డిస్కవరీ ట్రైల్ మీద నడిచి రావచ్చు. 1.2 మైళ్ళు. నీడ ఉండదు, పొద్దున్నే నడవండి, నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి. మేం ఎండెక్కాక నడిచాం, పాపని మా ఆయన భుజాల మీద ఎత్తుకోవాల్సొచ్చింది. కానీ దారిలో ఎముకలు ఏ అద్దమూ అడ్డం లేకుండా రాతిలో అలాగే ఉన్నాయి, ఇంకోచోట చేపల పొలుసుల గుర్తులున్నాయి. మా వాడికి కాలి దగ్గర చిన్న ముక్క కనిపించింది. జేబులో వేసుకోబోయాడు. ఆపాను. నేషనల్ పార్క్ సర్వీస్ భూమిలో రాయి ముక్క కూడా తీయకూడదు. బయట మిగతా ప్రభుత్వ భూముల్లోనూ డైనోసార్ ఎముకలు పర్మిట్ లేకుండా తీస్తే నేరం, 2009 చట్టం ఉంది. భయపెట్టడం కాకుండా కారణం చెప్పండి పిల్లలకి. ఏ పొరలో, ఏ ఎముక పక్కన పడుందో తెలిస్తేనే ఆ ముక్క కథ చెప్తుంది, జేబులోకి వెళ్తే ఆ కథ పోతుంది. వాడు ముక్కని అక్కడే వదిలేసి, రేంజర్ గారికి చోటు చూపించి వచ్చాడు. ఇంటికి ఏదో ఒకటి తెచ్చుకోవాలని పిల్లలు మరీ గొడవ చేస్తే, యూటా పశ్చిమాన డెల్టా వైపు డబ్బు కట్టి ట్రైలోబైట్లు (పురుగుల్లాంటి పాతకాలపు సముద్ర జీవుల శిలాజాలు) తవ్వుకోనిచ్చే ప్రైవేటు క్వారీ ఉంది. డైనోసార్లు కాదు, వాటికంటే చాలా పాతవి, కానీ దొరికింది మనదే.

నాలుగో రోజు ప్రైస్ ఊరు వైపు, క్లీవ్‌లాండ్-లాయిడ్ క్వారీ. 2019 నుంచి దీని పేరు జురాసిక్ నేషనల్ మాన్యుమెంట్. చివర్లో చాలా దూరం కంకర రోడ్డు, దారిలో పెట్రోల్ ఉండదు. సీజన్‌లో కూడా వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, ముందు చూసుకుని వెళ్ళండి. నాలుగేళ్ళ పిల్లకి ఇక్కడ పెద్దగా ఏమీ ఉండదు. ఏడేళ్ళు దాటినవాళ్ళకి మాత్రం మంచి డిటెక్టివ్ కథ. 12,000కి పైగా ఎముకలు తీశారు, అందులో వేటాడి మాంసం తినే అల్లోసారస్‌లే కనీసం 46. మామూలుగా వేటాడేవి తక్కువ, వేటకి బలయ్యేవి ఎక్కువ ఉండాలి కదా, ఇక్కడ తలకిందులు. బురదలో చిక్కుకున్నాయని కొందరు, కరువని కొందరు, నీళ్ళు చెడ్డాయని కొందరు. ఇంకా తేలలేదు. మా వాడు, మా ఆయన రాత్రి రూమ్‌లో దాని మీదే వాదించుకున్నారు.

రేటింగ్ అంటే, డైనోసార్ క్వారీకి పదికి పది, అందులో ఆలోచన లేదు. క్లీవ్‌లాండ్-లాయిడ్‌కి పెద్ద పిల్లలుంటే ఎనిమిది, చిన్నవాళ్ళతో ఐదు.

ఐదో రోజు మోయాబ్‌కి ఉత్తరాన కాపర్ రిడ్జ్. ఇక్కడ ఎముకలు లేవు, అడుగులున్నాయి. మట్టి రోడ్డు, వానపడితే వెళ్ళొద్దు. సాయంత్రం వెళ్ళండి, ఎండ ఏటవాలుగా పడితేనే అడుగుల గుంటల్లో నీడ నిలిచి బాగా కనిపిస్తాయి. పొడుగు మెడ డైనోసార్ ఒకటి నేరుగా నడుస్తూ వచ్చి ఉన్నట్టుండి పక్కకి మళ్ళింది. ఎందుకు మళ్ళిందో ఎవరికీ తెలీదు. గోడలో చూసిన ఎముకలూ, ఈ అడుగులూ దాదాపు ఒకే కాలానివి. మా వాడు షూ విప్పి చేత్తో పట్టుకుని, ఆ గుంటల్లో కాలు పెట్టకుండా పక్కపక్కనే నడిచాడు. అది మళ్ళిన చోట తనూ మళ్ళాడు. "నానమ్మా, నువ్వు కూడా రా" అని పిలిచాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని వాడి వెనకే వెళ్ళారు.