కాగితం తెల్లబడే చోటు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట పార్చ్‌మెంట్ క్రాఫ్ట్ గురించి, అంటే ఒకరకం కాగితాన్ని ఒత్తి, గుచ్చి, కత్తిరించి అలంకరించే పని గురించి మాట్లాడుకుందాం. అంచుల్లో లేసు అల్లినట్టుండే గ్రీటింగ్ కార్డులు మీరు ఎక్కడో చూసే ఉంటారు. చాలామంది అది మిషన్ పని అనుకుంటారు, కొందరు తెల్ల పెయింటు వేశారనుకుంటారు. రెండూ కాదు. అందులో తెలుపంతా దాదాపు చేత్తో ఒత్తితే వచ్చిందే.

దీనికి వాడేది పాలరంగులో, వెనకున్నది మసకగా కనిపించేలా ఉండే మందపాటి కాగితం, సుమారు 150 జీఎస్‌ఎమ్, అంటే చదరపు మీటరుకు 150 గ్రాముల బరువు ఉంటుంది. బేకింగ్‌కి వాడే పార్చ్‌మెంట్ పేపర్ వేరండీ, అది పల్చన, పైగా సిలికాన్ పూత, దాంతో ఈ పని కాదు. మన కాగితాన్ని తయారుచేసేటప్పుడు గుజ్జును ఎంత మెత్తగా నూరుతారంటే పీచుల మధ్య గాలికి చోటే ఉండదు, అందుకే వెలుతురు అందులోంచి దూసుకుపోతుంది. వెనకవైపు నుంచి గుండ్రటి కొన ఉన్న స్టైలస్‌తో రుద్దామనుకోండి, పీచు సాగి సన్నటి సందులు పడతాయి, వెలుతురు అక్కడ చెదిరి మన కంటికి తెల్లగా కనబడుతుంది. కిటుకంతా ఇదే.

ముందు డిజైన్ మీద కాగితం పెట్టి తెల్ల ఇంకుతోనో తెల్ల పెన్సిల్‌తోనో గీతలు గీసుకుంటారు. తర్వాత కాగితం తిరగేసి మెత్తటి ప్యాడ్ మీద పెట్టి ఎంబాసింగ్, అంటే ఇందాక చెప్పిన రుద్ది తెల్లబరిచే పని, మొదలుపెడతారు. ఒక పువ్వు రేకు తీసుకుందాం. పెద్ద గుండు ఉన్న స్టైలస్‌తో అంచు నుంచి లోపలికి తేలిగ్గా రుద్దితే మొదట బూడిద రంగే వస్తుంది, అక్కడే మనకి చిరాకొచ్చి గట్టిగా నొక్కాలనిపిస్తుంది, నొక్కకూడదు. కాసేపు ఆ రేకు వదిలేసి పక్క రేకు చూసుకుని మళ్లీ రావాలి, ఈసారి ఇంకాస్త తెలుపు, ఆ తర్వాత చిన్న గుండుతో అంచు దగ్గర మాత్రమే. అలా అంచు పాలనురుగులా తెల్లబడి, మధ్యకి వచ్చేసరికి తెలుపు కరిగిపోతేనే రేకు ఉబ్బినట్టు కనిపిస్తుంది. తొందరపడితే కాగితం టప్పున చీలుతుంది, దాన్ని అతికించే మార్గం లేదు. స్టైలస్ పట్టేస్తుంటే ప్యాడ్ మీద కాస్త మైనం రుద్దండి, జారుతుంది. చేతి కింద ఒక మామూలు కాగితం ముక్క ఉంచుకోండి, చెమట తగిలితే పార్చ్‌మెంట్ ముడతలు పడుతుంది.

లేసు సంగతికి వస్తే, నాలుగు సూదులున్న పనిముట్టుతో మొదట పైపైన మాత్రమే గుచ్చుతారు. ఆ రంధ్రాల మధ్య ఎంబాసింగ్ అయ్యాక మళ్లీ అవే రంధ్రాల్లో లోతుగా గుచ్చి, పనిముట్టును కొంచెం అటూ ఇటూ తిప్పుతారు. ఆ తర్వాత కొన వంపు తిరిగిన చిన్న కత్తెరతో రంధ్రాల మధ్య కాగితం కత్తిరిస్తే బుల్లి శిలువ ఆకారంలో ఖాళీ పడుతుంది. అలాంటివి వందలు. టెన్షన్‌లో ఉన్నప్పుడు కత్తెర పట్టకపోవడమే మంచిది, ఒక్క గీత ఎక్కువ తెగినా లేసంతా ఊడుతుంది.

రంగులు కూడా వేస్తారు. నీళ్లు ఎక్కువైతే కాగితం వంకర తిరుగుతుంది కాబట్టి వెనకవైపు ఆయిల్ పేస్టెల్ రుద్ది పల్చగా చేయడం తేలిక. నన్నడిగితే రంగు ఎంత తక్కువైతే అంత అందం, కొన్ని కార్డుల్లో రంగుల గోలలో ఎంబాసింగ్ కనిపించనే కనిపించదు.

ఇది నిన్నమొన్నటి పని కాదు. 17, 18 శతాబ్దాల్లో ఐరోపాలోని మఠాల్లో సన్యాసినులు భక్తి చిత్రాల చుట్టూ చిన్న చాకుతో ఇలాగే లేసు కోసేవారు, ఫ్రాన్స్‌లో వాటిని కానివే అంటారు. లాటిన్ అమెరికాలోనూ ఈ కళ నిలబడింది. కొలంబియాకు చెందిన మార్తా ఓస్పినా నెదర్లాండ్స్‌లో స్థిరపడి, పెర్గమానో పేరుతో పనిముట్లు, డిజైన్లు, క్లాసులు తెచ్చాక ఇది చాలా దేశాల్లో హాబీగా పాకింది.

చివరగా, దీన్ని కార్డుకి అతికించేటప్పుడు జాగ్రత్త. గమ్ పెట్టిన చోటు కాగితంలోంచి మరకలా కనబడుతుంది. అందుకే బాగా తెల్లబడ్డ భాగం వెనకే చుక్క పెట్టండి, లేదంటే రెండు రంధ్రాల్లోంచి సన్నటి దారం తీసి ముడేయండి.